పదకొండు తలుపు పాములు

మెర్విన్ పాస్కో ఇంట్లో పదకొండు పాములుండేవి. అన్నీ బట్ట పాములే, కడుపులో ఇసుక పోసి కుట్టినవి. బల్లారాట్‌లో జులై అంటే నడి చలికాలం. గాలి తలుపు కింది సందులోంచి దూరి పాదాలు కొరుకుతుంది. అందుకని గుమ్మం ముందు ఒక పామును అడ్డంగా పడుకోబెట్టడం మా ఊళ్ళో అందరికీ అలవాటే. కాకపోతే అందరూ ఒకటో రెండో పెట్టుకుని ఊరుకుంటారు. మెర్విన్ పదకొండు పెట్టుకున్నాడు. వాటికి గుండీలతో కళ్ళు కుట్టాడు, ఎర్ర రిబ్బనుతో నాలుకలు పెట్టాడు, అది చాలక తన మేనత్తల పేర్లు కూడా పెట్టాడు. వీధి గుమ్మం దగ్గరున్నది ఈడిత్ అత్త. ఆవిడ బతికున్నన్నాళ్ళూ అలాగే గుమ్మానికి అడ్డంగా నిలబడి ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. అత్తల పేర్లు ఆరుతో అయిపోయాయి. మిగతా ఐదింటికీ ఉద్యోగంలో తనను ఏడిపించిన మేనేజర్ల పేర్లు పెట్టాడు.

ఉద్యోగమంటే గ్యాస్ పని. నలభై ఒక్క ఏళ్ళు ఊరందరి ఇళ్ళలో హీటర్లు బిగించి, విప్పి, తిట్టి, మళ్ళీ బిగించాడు. రిటైరయ్యాక మగవాళ్ళ షెడ్డులో చేరాడు. పని లేని ముసలివాళ్ళందరూ పొద్దున్నే ఆ షెడ్డులో పోగై పిట్టగూళ్ళూ కుర్చీలూ చేస్తుంటారు. మెర్విన్ మాత్రం భార్య కుట్టుమిషను మోసుకుపోయి అక్కడ పాములు కుట్టేవాడు. రెండు చలికాలాల్లో అరవై పైచిలుకు కుట్టి ఊరంతా పంచిపెట్టాడు. ఆయన ఇంటికొస్తున్నాడంటే చేతిలో పాముంటుందని పిల్లలకు కూడా తెలుసు.

గ్యాస్ గురించి, తన భార్య ఊనా గురించి తనకు తెలియనిది లేదని మెర్విన్ అనుకునేవాడు. ఆ చలికాలం రెండు సబ్జెక్టుల్లోనూ సున్నా వచ్చింది. ఈ మాట ఇప్పుడు ఆయనే చెప్పుకుంటాడు, ఎవరు అడిగినా అడగకపోయినా.

ఊనా పెళ్ళికి ముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. ఊళ్ళో నాలుగువందల నంబర్లు ఆమె నోటికొచ్చు. ఎక్స్ఛేంజీ మూసేసి యాభై ఏళ్ళయినా రొట్టెల కొట్టుదీ, పాత డాక్టరుదీ, ఆఖరికి చనిపోయినవాళ్ళవీ కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేది. అలాంటి మనిషి జూన్ నెలలో టీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. మెర్విన్ నవ్వేశాడు. తర్వాతి వారం సొంత కూతురి నంబరు కోసం ఫోను పట్టుకుని పది నిమిషాలు అలాగే నిలబడిపోయింది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

తలనొప్పి. వాంతులు. మధ్యాహ్నం మూడయ్యేసరికి హాల్లో గ్యాస్ హీటరు పక్కన కుర్చీలో మెడ వాల్చేసి నిద్ర. లేపితే ఎక్కడున్నానన్నట్టు చూసేది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే ఆ వెయిటింగ్ రూములో హీటరు పాడై, ఇద్దరూ కోట్లు వేసుకుని గంటసేపు వణుకుతూ కూర్చున్నారు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, డాక్టరు పెట్టిన పరీక్షలో వందలోంచి ఏడేడు తీసేస్తూ చివరిదాకా చెప్పింది ఊనా. డాక్టరు ఆశ్చర్యపోయాడు. "ఇలాంటి కేసుల్లో ఒక్కోరోజు బాగుంటారు, ఒక్కోరోజు బాగుండరు. మతిమరుపు మొదలయ్యేటప్పుడు ఇలాగే ఉంటుంది. మర్చిపోయినవన్నీ తేదీ, టైముతో సహా రాసిపెట్టండి" అన్నాడు.

మెర్విన్ నీలం అట్ట నోటుబుక్కొకటి కొన్నాడు. భర్త అంటే తనలా ఉండాలని లోలోపల కాస్త గర్వం కూడా పడ్డాడు. ఊనాకు చలేస్తోందంటే మే నెలాఖరులోనే కిటికీల సందుల్లో పట్టీలు అతికించాడు. హాలు గోడకున్న వెంటిలేటరులో న్యూస్‌పేపర్లు కుక్కి, పైన సిమెంటు పూసి, గోడ రంగే వేసి, ఆ చోటు కనపడకుండా తన సన్మానపత్రం తగిలించాడు. నలభై ఏళ్ళు ప్రమాదం లేకుండా పనిచేసినందుకు సంఘం వాళ్ళు ఇచ్చిన పత్రం అది. పాముల సంఖ్య ఏడునుంచి పదకొండుకు పెరిగింది కూడా అప్పుడే.

వంట కూడా తనే మొదలుపెట్టాడు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి పొయ్యి వెలిగించినవాడి వంట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మాంసం మాడేది. పొగ వచ్చేది. సీలింగుకున్న పొగ అలారం ఊరు లేచిపోయేలా అరిచేది. దానికి విరుగుడుగా పొయ్యి మీదికి పెద్ద చిమ్నీ ఒకటి తెచ్చి, ఊనా పుట్టినరోజు కానుకని చెప్పి బిగించాడు. దాని ఫ్యాను ఆన్ చేస్తే బల్ల మీది కాగితాలు వంటింటివైపు నడిచేవి. మధ్యాహ్నం వంటకు వేసిన ఫ్యాను, మాడు వాసన పోలేదని సాయంత్రందాకా తిరుగుతూనే ఉండేది. హాల్లో హీటరు ఎలాగూ పొద్దున్నించీ మండుతూనే ఉండేది.

ఆ హీటరు మీద ఆయనకు కన్నకొడుకు మీదున్నంత ప్రేమ. పాతికేళ్ళ కిందట స్వయంగా బిగించింది. రెండేళ్ళకోసారి విప్పించి చూపించుకోవాలని ఊరందరికీ వేలు చూపించి చెప్పిన మనిషి, రిటైరై లైసెన్సు పోయాక తొమ్మిదేళ్ళుగా తన హీటరు ఎవరికీ చూపించలేదు. ఇంకొకడొచ్చి తన హీటరు మూత విప్పడమా! శనివారం శనివారం తడిగుడ్డతో పైన దుమ్ము తుడిచి, సర్వీసు అయిపోయిందనుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఊనా కుర్చీలోంచి తల తిప్పకుండానే అంది.

"ఈ ఇల్లు నన్ను తినేస్తోంది మెర్వ్."

"ఇల్లు తినడమేంటే పిచ్చిదానా? నువ్వే ఏమీ తినట్లేదు. కాస్త మాంసం పెట్టనా?"

"అది కాదు. గీలాంగ్‌లో థెల్మా ఇంటికెళ్ళినప్పుడు నాలుగురోజులూ నాకేం కాలేదు. ఇక్కడికి రాగానే మొదలు. చెప్తున్నా విను."

చెల్లెలు పక్కనుంటే ఎవరికైనా హుషారుగానే ఉంటుందిలే అనుకున్నాడు మెర్విన్. పాపం, ఏదేదో మాట్లాడుతోందని జాలిపడ్డాడు. దుప్పటి కప్పి, హీటరు ఒక మెట్టు పెంచి, నోటుబుక్కు తీసి తేదీ వేసి రాసుకున్నాడు: మూడు గంటల పది నిమిషాలు. ఇల్లు తనను తినేస్తోందట.

అప్పట్నించీ ఊనాకు కొత్త అలవాటొకటి పట్టుకుంది. కాస్త ఓపిక రాగానే కోటు వేసుకుని, ఈడిత్ అత్తను కాలితో పక్కకు తోసి, వెళ్ళి వరండాలో కూర్చునేది. బయట నాలుగు డిగ్రీలు. మెర్విన్ గుండె బాదుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చేవాడు. అదీ రాసుకున్నాడు: బయటికి పారిపోతోంది.

కూతురు గేలీన్ మెల్‌బోర్న్‌నుంచి రెండుసార్లొచ్చింది. రెండోసారి తండ్రిని పెరట్లోకి పిలిచింది.

"నాన్నా, నిన్ను చూసుకున్నావా అసలు? మొహం ఎలా పీక్కుపోయిందో! అమ్మను చూసుకోవడం నీవల్ల కాదు. వృద్ధుల హోములో గది ఖాళీ అయిందట. సోమవారంలోపు చెప్పాలి."

"మీ అమ్మ ఒప్పుకోదు."

"అమ్మకు మొన్న నా పేరే గుర్తు రాలేదు నాన్నా."

మెర్విన్‌కూ ఈ మధ్య మధ్యాహ్నాలు తల బద్దలవుతోంది. దిగులువల్లనే అనుకున్నాడు. యాభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషిని పెట్టె సర్ది పంపించాలంటే తల నొప్పెట్టదా మరి? సోమవారం పొద్దున పది గంటలకు తనే ఫోన్ చేసి సరేనని చెప్తానన్నాడు. కూతురు వెళ్ళాక పెరట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంట్లోకి వచ్చేముందు మొహం కడుక్కున్నాడు.

శనివారం మధ్యాహ్నం ట్రూడీ వచ్చింది. ట్రూడీ ఒకప్పుడు మెర్విన్ దగ్గర పని నేర్చుకుంది. ఆడపిల్ల గ్యాస్ పని చేయడమేంటని ఊళ్ళో నవ్వే రోజుల్లో ఆమెను వ్యానెక్కించుకుని తిప్పాడు. ఏడాదిన్నర పాటు తిట్టి, తర్వాత ఇంకెవర్నీ పొగడనంతగా పొగిడాడు. ఇప్పుడు ఆమెకు సొంత వ్యాన్లు మూడున్నాయి. వాళ్ళమ్మ కోసం పాము తీసుకెళ్ళడానికి వచ్చింది.

ఊనా వరండాలో ఉంది. మెర్విన్ అప్పుడే ఆమెను లోపలికి లాక్కెళ్ళబోతున్నాడు.

"ఆంటీ, నేను గుర్తున్నానా?" అంది ట్రూడీ, కాస్త భయంగానే. ఊళ్ళో మాట ఆమె చెవిన కూడా పడింది.

ఊనా ఆమెను ఎగాదిగా చూసింది. "రెండు తొమ్మిది సున్నా నాలుగు. మీ నాన్న పాలడిపో నంబరు. మీ నాన్న పొద్దున అయిదింటికే ఫోన్ చేసి నన్ను లేపేవాడు. ఏం లావయ్యావే!"

ట్రూడీ పకపకా నవ్వింది. మెర్విన్ వెనకనుంచి ఆమెకు సైగ చేశాడు, పట్టించుకోకమ్మా అన్నట్టు.

"ఆంటీకి బానే ఉందిగా బాస్!"

"అప్పుడప్పుడూ అలా వెలుగుతుందమ్మా. లోపలికొచ్చి చూడు, పది నిమిషాల్లో నీకే తెలుస్తుంది."

ఆ మాట తన నోటితో తనే అన్నాడు. తర్వాత ఎన్నో రాత్రులు అది తల్చుకుని తలగడలో మొహం దాచుకున్నాడు.

లోపల వంటింట్లో మాంసం యథాప్రకారం మాడుతోంది. చిమ్నీ ఫ్యాను హోరెత్తుతోంది. మెర్విన్ ట్రూడీని హాల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చి, తన పదకొండు పాముల్నీ పేరుపేరునా పరిచయం చేశాడు. ఇల్లెంత బిగుతుగా చేశాడో, ఒక్క సందు కూడా వదలకుండా ఎలా మూశాడో గొప్పగా చెప్పుకున్నాడు. "చీమ తుమ్మినా బయటికి పోదు" అన్నాడు. ఊనా కుర్చీలో కళ్ళు మూసుకుంది. కిటికీ అద్దాలమీద లోపలివైపు నీళ్ళు ధారలుగా కారుతున్నాయి.

ట్రూడీ టీ సగం తాగి కప్పు కింద పెట్టింది. నుదురు రుద్దుకుంది. అద్దాలవైపు చూసింది, హీటరువైపు చూసింది, ఫ్యాను చప్పుడు వస్తున్నవైపు చూసింది. హీటరు పైఅంచున గోడమీద చిన్న నల్లటి మరక కనిపించింది.

"బాస్, హీటరు సర్వీసు ఎప్పుడు చేయించారు?"

"మొన్న శనివారమే."

"ఎవరు చేశారు?"

"నేనే."

"గుడ్డతోనా?"

మెర్విన్‌కు ఒళ్ళు మండింది. "నాకు చెప్పేంతదానివయ్యావా? ఆ పొగగొట్టం లాగినట్టు ఊళ్ళో ఇంకోటి లాగదు. నేను బిగించింది!"

"ఇక్కడ గోడకో వెంటిలేటరు ఉండాలి కదా? నాకు బాగా గుర్తు. మీరే నాకు చూపించి, ఇది హీటరుకు ముక్కులాంటిది, ఎప్పుడూ మూయకూడదని చెప్పారు."

మెర్విన్ సన్మానపత్రంవైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. ట్రూడీ లేచి పటం తీసి, కొత్తగా పూసిన సిమెంటును వేలితో కొట్టి చూసింది.  

"ఒక్క అగ్గిపుల్ల ఇస్తారా బాస్?"

 అగ్గిపుల్ల ఎందుకో ఆయనకు తెలుసు. ఆమెకు నేర్పింది ఆయనే. కిటికీలూ తలుపులూ మూసి, ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ వేసి, హీటరును మండనిచ్చి, అగ్గిపుల్ల గీసి ఆర్పి, ఆ పొగను హీటరు పైనున్న సందు దగ్గర పెట్టాలి. పొగను లోపలికి పీల్చుకుంటే పొగగొట్టం పనిచేస్తున్నట్టు. ఇక్కడ కిటికీలూ తలుపులూ ముందే మూసి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది, హీటరు మండుతోంది. పరీక్షకు కావలసినవన్నీ నెలన్నరగా ఆయనే అమర్చి పెట్టాడు.

ట్రూడీ పుల్ల గీసి ఆర్పింది. సన్నటి పొగ హీటరు సందువైపు సగం దూరం వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగింది. తిరిగి మెల్లగా హాల్లోకి, ఊనా కుర్చీవైపుకు వచ్చింది.

"పుల్ల తడిసినట్టుంది. ఇంకోటి గీసి చూడు" అన్నాడు మెర్విన్.

ట్రూడీ ఇంకోటి గీయలేదు. బయటికి పరిగెత్తి వ్యానులోంచి గాలిలో విషవాయువును కొలిచే మీటరు తెచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే అది కీచుమంది. హాల్లోకి వచ్చేసరికి ఆపకుండా అరవడం మొదలుపెట్టింది.

"నీ మీటరు పాడైపోయింది."

"బాస్, గ్యాస్ కట్టేయండి. ఆంటీని నేను లేపుతా. నడవండి బయటికి!"

ఇంతకు ముందెప్పుడూ ఆయన మీద ఆమె అరవలేదు. మెర్విన్ వెళ్ళి గ్యాస్ కట్టేశాడు. ముందు రెండుసార్లు తప్పు వైపుకు తిప్పాడు. ట్రూడీ ఊనా చెయ్యి భుజాన వేసుకుని నడిపిస్తూ, దారిలో ఈడిత్ అత్తను ఒక్క తన్ను తన్నింది. తలుపులన్నీ బార్లా తీసింది. ముగ్గురూ వరండాలో ఆ నాలుగు డిగ్రీల చలిలో కూర్చుని అంబులెన్సు కోసం చూశారు.

"అదెలాగే? నలభై ఏళ్ళు ఎక్కడా జరగలేదు" అన్నాడు మెర్విన్ నీరసంగా.

"ఆ రోజుల్లో ఇళ్ళకు కన్నాలు ఎక్కువ బాస్. గాలి ఎక్కణ్ణించో ఒక దగ్గర్నించి వచ్చేది. మీరు అన్నీ మూసేసి అంత పెద్ద ఫ్యాను పెట్టారు. అది పీల్చిపారేసే గాలికి బదులు గాలి ఎక్కణ్ణించి రావాలి? మిగిలిన దారి పొగగొట్టమొక్కటే. అందులోంచి వెనక్కి లాగింది, హీటరు పొగతో సహా. కార్బన్ మోనాక్సైడ్. రంగూ లేదు, వాసనా లేదు."

"ఉన్నా ఈయన మాంసం మాడు వాసనలో ఎవరికి తెలుస్తుందే?" అంది ఊనా కళ్ళు తెరవకుండానే.

ఆస్పత్రిలో ఇద్దరికీ రక్తపరీక్ష చేశారు. నాకెందుకు, నేను బానే ఉన్నానని మెర్విన్ గునిశాడు. నర్సు ఈ రోజేం వారమని అడిగింది. గురువారమని ధీమాగా చెప్పాడు. ఆమె ఆయన మొహానికి కూడా ఆక్సిజన్ తగిలించింది. ఊనా రక్తంలో ఉన్నంత లేకపోయినా, షెడ్డుకు పోయి రోజులో సగం తప్పించుకుంటున్నవాడి రక్తంలో ఉండవలసినదానికన్నా ఎక్కువే ఉంది. పక్కపక్క మంచాలమీద మూతులకు గొట్టాలతో పడుకుని ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మెర్విన్ కళ్ళు తిప్పుకున్నాడు.

సోమవారం పొద్దునకు ఇంటికొచ్చారు. ట్రూడీ ఆదివారమంతా అక్కడే ఉండి హీటరు ఊడదీసి, వెంటిలేటరు పగలగొట్టి, అందులోంచి మే నెల పేపర్లు కట్టగా తీసి బల్లమీద పెట్టింది. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అలారాలు బిగించింది. కొత్త హీటరు వచ్చేదాకా కరెంటుదొకటి ఇచ్చింది. పాములన్నిటినీ తెచ్చి పెరట్లో కుప్ప పోసింది. పొగ అలారం ఉందిగా అని మెర్విన్ అంటే, ఇది పొగ కాదు బాస్, దానికి తెలీదు అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

పదింటికి తను చేయవలసిన ఫోను మెర్విన్ మర్చేపోయాడు. పదిన్నరకు హోమువాళ్ళే చేశారు. ఆయన లేవబోతుంటే ఊనా చేత్తో ఆపింది.

"నమస్కారం, పాస్కో ఇల్లు, చెప్పండి" అంది. ఎక్స్ఛేంజీనాటి గొంతు. మెర్విన్ ఆ గొంతుతోనే ప్రేమలో పడ్డాడు, అప్పటికింకా మొహం కూడా చూడలేదు. "గది సంగతా? అక్కర్లేదండీ. ఇంకెవరికైనా ఇచ్చేయండి. జబ్బు నాకు కాదు, మా ఇంటికి. ఆహా, ఇప్పుడు బానే ఉంది, కిటికీలు తీశాం."

ఫోను పెట్టేసి మొగుడివైపు తిరిగింది. "నువ్వు ఊరంతా పంచిన పాములు మొత్తం ఎన్ని?"

 ఆ ఇళ్ళ సంగతి మెర్విన్‌కు అప్పటిదాకా తట్టలేదు. "అరవై... అరవై రెండో, నాలుగో."

"ఎవరెవరికి?"

ఆయనకు పద్దెనిమిది మంది గుర్తొచ్చారు. ఊనా కుర్చీ లాక్కుని ఫోను ముందు కూర్చుంది. వచ్చినవాళ్ళూ, ఈయన వెళ్ళి ఇచ్చినవాళ్ళూ, ఎవరికి గీతలదీ, ఎవరికి పూలదీ అన్నీ ఆమెకు గుర్తున్నాయి. అరవై నాలుగు. పుస్తకం చూడకుండా నంబర్లు తిప్పింది. "ఏ హీటరు మీది? పొగగొట్టానిదా? ఎన్నేళ్ళయింది విప్పించి? వంటింట్లో ఫ్యానుందా? గోడకు కన్నం తెరిచుందా? సరే, మెర్విన్ వస్తాడు, తలుపు తియ్యండి" అని ఒక్కొక్కరికీ చెప్పింది. మెర్విన్ ఆ వారమంతా ట్రూడీ వ్యానులో, ఒకప్పుడు తన వ్యానులో ఆమె కూర్చున్న పక్క సీట్లో కూర్చుని ఇంటింటికీ తిరిగాడు. మూసిన కన్నాలు తొమ్మిది ఇళ్ళలో దొరికాయి. రెండిళ్ళలో హీటర్లు అప్పటికప్పుడు ఆపించారు.

"ఏంటి మెర్విన్, నీ పాముకు విషముందని ఇచ్చేటప్పుడు చెప్పలేదే!" అన్నారు షెడ్డులో. పిట్టగూళ్ళు చేసే ముసలాడొకడు తన గూటికి గాలి సరిపోతుందో లేదో చూసిపెట్టమన్నాడు. మెర్విన్ అన్నీ పడ్డాడు. పడటమే కాదు, తనే ముందుగా చెప్పి నవ్వించాడు. సన్మానపత్రాన్ని షెడ్డు గోడకు తలకిందులుగా తగిలించి, కింద "వెంటిలేటరు మూత" అని రాశాడు. తనను తను వెక్కిరించుకుంటే ఇంకొకరు వెక్కిరించే పని తగ్గుతుందని ఆయన లెక్క.

ఆ లెక్క ఇంట్లో కుదరలేదు. శుక్రవారం ఊనా నీలం అట్ట నోటుబుక్కు పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. కళ్ళజోడు, పెన్సిలు. ఇద్దరూ కోట్లు వేసుకునే ఉన్నారు. కిటికీ బెత్తెడు తెరిచి ఉంది.

"తాళాలు ఫ్రిజ్‌లో పెట్టిందని రాశావు. ఇది నేను కాదు. నువ్వు."

"నేనా?"

"పాలసీసా బీరువాలో పెట్టి, తాళాలు ఫ్రిజ్‌లో పెట్టావు. నేను చూస్తూనే ఉన్నాను. లేచి చెప్పే ఓపిక లేక ఊరుకున్నా." పెన్సిలుతో కొట్టేసింది. "ఇదే సంగతి మూడుచోట్ల రాశావు. ఇక్కడేమో జూన్ ముప్పై ఒకటి అని వేశావు. జూన్‌లో ముప్పై ఒకటి ఎక్కడిది? ఇదిగో ఇక్కడ, గేలీన్ పేరు మర్చిపోయానని రాస్తూ దాని పేరే తప్పు రాశావు."

మెర్విన్ నవ్వాడు. ఊనా కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ ఆమెకు దగ్గొచ్చింది, ఆయన నీళ్ళిచ్చాడు. నోటుబుక్కులో సగానికి పైగా మతిమరుపు రాసినవాడిదేనని తేలింది.

తర్వాత ఆమె పెన్సిలు ఒకచోట ఆగింది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఇల్లు తినేస్తోందట. తొమ్మిదిసార్లు రాశావు మెర్వ్."

మెర్విన్ నవ్వు ఆగిపోయింది.

"తేదీలు సరిగ్గా ఉన్నాయి. టైము కూడా. మూడు పది, మూడు ఇరవై, రెండు యాభై. నీ బుర్ర కూడా పనిచేయని రోజుల్లో ఇది మాత్రం ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశావు."

ఎప్పుడూ నాలుక చివర సిద్ధంగా ఉండే వెక్కిరింత కోసం మెర్విన్ వెతుక్కున్నాడు. ఏదీ దొరకలేదు.  "నన్ను క్షమించు ఊనా" అన్నాడు. "నువ్వు చెప్తుంటే రాసుకున్నాను గానీ, వినలేదు."

ఊనా పుస్తకం మూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమె కళ్ళు కూడా తడిగా ఉన్నాయి, అందులో కోపం కూడా ఉంది. ఆ కోపం త్వరగా పోయేది కాదని ఆయనకు అర్థమైంది. పోకపోయినా ఫర్వాలేదు, ఈ బల్ల దగ్గరే ఎదురుగా కూర్చుని కోప్పడితే చాలనిపించింది.

"ఇంకోసారి నేనేదైనా చెప్తే రాసుకోకు" అంది. "లేచి కిటికీ తియ్యి."

మెర్విన్ లేచి, బెత్తెడు తెరిచున్న కిటికీని పూర్తిగా తెరిచాడు. గాలి రివ్వున లోపలికొచ్చి బల్లమీది నోటుబుక్కు పేజీలు తిరగేసింది. చలేస్తోందని ఇద్దరిలో ఎవరూ అనలేదు.